పన్నెండో రోజు దాటాక

చావు కబురు చెప్పడానికి మా రోజుల్లో ఒక పద్ధతుండేది. కార్డు పైన "అశుభం" అని రాసేవారు. ఆ మాట కంటబడగానే గుమ్మం బయటే నిలబడి చదివి, అక్కడే చించి పారేసి, తలస్నానం చేసి లోపలికొచ్చేవారు. బాగా దగ్గరవాళ్ళకైతే తంతి. తంతి అందిన మనిషి చేతిలో పని చేతిలోనే వదిలేసి బస్సెక్కేవాడు. 2013లో ఆ తంతి కూడా ఎత్తేశారు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో పెడతారు. పెట్టిన నిమిషంలో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడతాయి. ఆ బొమ్మ వెతుక్కునే ఓపిక కూడా లేనివాళ్ళు "ఆర్ఐపీ" అని కొట్టి ఊరుకుంటారు. మా ఆయన పోయిన రోజు ఆ బొమ్మల మధ్యలో ఎవరో, పాపం, పైన ఏముందో చూసుకోలేదు కాబోలు, గులాబీ పువ్వుతో "శుభోదయం" పంపారు. నాకు కోపం రాలేదు. మిగతావాటికీ దానికీ పెద్ద తేడా కనబడలేదు.

సణుగుతున్నానంటే సణుగుతున్నాననే అనుకోండి. డెబ్భై దాటిన దాన్ని, ఆ మాత్రం హక్కుంది. నా ఫిర్యాదు ఇదీ: మొగుడు పోయిన ఆడదాని చుట్టూ మా పెద్దవాళ్ళు రెండు రకాల పనులు చేసేవారు. ఆ మనిషిని ఒంటరిగా వదిలేవారు కారు. ఆ మనిషిని మనిషిలా ఉండనిచ్చేవారూ కారు. కాలం మారింది, మారింది అంటున్నారు కదా, రెండోది పోయి మొదటిది మిగులుతుందిలే అనుకున్నాను. మొదటిది పోయి రెండోది మిగిలింది.

మా దొడ్డమ్మ సంగతి చెబుతాను. కోనసీమలో, అమలాపురానికి ఆవల అగ్రహారం వాళ్ళది. పెదనాన్న పొద్దున పోతే పొద్దుగూకేలోపల దహనం అయిపోయింది. మద్రాసులో ఉన్న చిన్నకొడుక్కి తండ్రి మొహం దక్కలేదు. ఆ పన్నెండు రోజులూ బియ్యం ఎవరింట్లోంచి వచ్చాయో, పొయ్యి ఎవరు వెలిగించారో దొడ్డమ్మకి తెలీదు. పదమూడో రోజు శుభస్వీకారం అయ్యాక కూడా ఎవరూ పెట్టె సర్దుకోలేదు. వాళ్ళ అక్కగారు అమ్మాయి పురిటికి వెళ్ళాల్సిన మనిషి, ఆ పురుడేదో వేరేవాళ్ళని చూసుకోమని కబురు పెట్టి నెలల తరబడి అక్కడే ఉండిపోయింది.

నెలకోసారి మాసికం. మధ్య మధ్యలో ఊన మాసికాలు. మొత్తం కలిపితే ఏడాదిలో పదహారు. అదంతా పితృదేవతల కోసమనే చెబుతారు, నేను కాదనను. కానీ నేను చూసిందేమిటంటే, భోక్తలు తిని లేచాక, విస్తళ్ళు ఎత్తేశాక, అరుగు మీద ముసలాళ్ళంతా చేరి పెదనాన్న కబుర్లు మొదలుపెట్టేవారు. కొబ్బరిచెట్టు తగాదా ఒకటుండేది, ప్రతి మాసికానికీ అది రావలసిందే. సరిహద్దులో ఉన్న చెట్టు మాదంటే మాదని పక్క పొలం ఆయనతో పెదనాన్న ఎన్నో ఏళ్ళు మాట మానేశాడు. ఆ పక్క పొలం ఆయన కూడా అరుగు మీదే కూర్చుని ఉండేవాడు. కథ రసపట్టులో పడేసరికి లోపల గదిలోంచి, తలుపు చాటున, దొడ్డమ్మ గొంతు వచ్చేది. "అబద్ధం. ఆ చెట్టు వాళ్ళదే. ఈయనే మొండికేశాడు." అరుగు అరుగంతా నవ్వులే. చచ్చిపోయిన మనిషి మీద నెలనెలా నవ్వుకునే ఏర్పాటు అది. పెళ్ళాం కూడా ఆయన్ని దెప్పడానికి ఒక సభ.

మధ్యాహ్నాలు పక్కింటావిడ ఇంత దూది పట్టుకుని వచ్చేది. ఇద్దరూ కూర్చుని ఒత్తులు చేసేవారు. లక్ష ఒత్తుల నోమేదో పట్టినట్టు పొద్దుగూకేదాకా చేస్తూనే ఉండేవారు. "ఎలా ఉన్నావు" అని ఆవిడ అడగ్గా నేను వినలేదు. "ధైర్యంగా ఉండు" అని అనగా అసలే వినలేదు. దూదిలో గింజలెక్కువ వస్తున్నాయనీ, చాకలి రావడం లేదనీ, కోడలు అన్నం బిరుసుగా వండుతోందనీ, ఇవే మాటలు.

అలాగని ఆ రోజులు బంగారమని నేననను. అదే దొడ్డమ్మ ఆ ఏడాదంతా వెనక గది దాటి రాలేదు. పొద్దున్నే ఎదురుపడకూడదని ఆవిడే తలుపు చాటుకి తప్పుకునేది. ఆవిడ నయం. మా అమ్మమ్మ తరం వాళ్ళకైతే జుట్టు తీసేసి, ముతక బట్ట కట్టించి, ఒంటిపూట అన్నం పెట్టారు. పన్నెండేళ్ళకి మొగుడు పోయిన పిల్లలకీ అదే, డెబ్భై ఏళ్ళ ముసలమ్మకీ అదే. ఇంక డబ్బు సంగతి. భర్త ఆస్తిలో పిల్లలతో సమానంగా భార్యకీ వాటా అని 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. వచ్చినట్టు మా దొడ్డమ్మకి ఎవరూ చెప్పలేదు. తమ్ముడింటికి వెళ్ళాలంటే బస్సు ఛార్జీకి కొడుకు ముందు చెయ్యి చాచేది. సర్కారు ఉద్యోగస్థుల భార్యలకి ఫ్యామిలీ పెన్షన్ పథకం వచ్చింది కూడా 1964లోనే. అంతకు ముందు మొగుడు పోతే చాలామందికి జీతం ఆయనతోనే పోయేది.

అందుకని, పాతదంతా మళ్ళీ తెచ్చిపెట్టమని అడగడం లేదు. ఏది పోయిందో, ఏది ఉందో ఒకసారి లెక్క చూడమంటున్నాను.

మా ఆయన ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పోయింది మా ఇంట్లోనే, రాజమండ్రిలో. అబ్బాయి డల్లాస్ నుంచి రావాలి కనక ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. కొడుక్కి తండ్రి కడసారి చూపు దక్కింది. ఈ ఒక్క విషయంలో ఈ కాలానికి దణ్ణం పెడతాను, పెదనాన్న చిన్నకొడుకు ఆ బాధ జీవితాంతం మోశాడు. కానీ ఆ పెట్టె రెండు రాత్రులు హాల్లో బుయ్యిమంటూ మోగుతుంటే, వచ్చినవాళ్ళు దాని చుట్టూ కుర్చీలు వేసుకుని, ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. ఏడ్చేవాళ్ళు లేరు. మా రోజుల్లో ఏడవడానికి కూడా మనుషులుండేవారు. పెద్దావిడ ఒకామె గుమ్మంలోంచే రాగం ఎత్తుకుంటే, అంతదాకా బిగపట్టుకుని కూర్చున్న వాళ్ళకి కూడా కట్ట తెగేది. నేను కొంచెం గొంతెత్తేసరికి ఎవరో బీపీ చూసే మిషను పట్టుకొచ్చారు. ఇంకెవరో మాత్ర ఇచ్చి పడుకోబెట్టారు. నాకు రోగం ఏమీ లేదు నాయనా, మొగుడు పోయాడంతే.

పదో రోజు సంగతి చెప్పి తీరాలి. మా పెద్ద ఆడపడుచుకి ఎనభై దాటాయి. ఆవిడ ఎప్పుడో నలభై ఏళ్ళ నాడే పసుపు కుంకుమలు పోగొట్టుకున్న మనిషి. ముందు రోజే నన్ను పక్కకి పిలిచి, "నాకు చేశారు, చాలు. నీకేమీ వద్దు. గాజులు తీసి లోపల పెట్టుకో, బొట్టు నీ ఇష్టం" అంది. పురోహితుణ్ణి అడిగితే ఆయనా, "మీ ఇంటి ఆచారం ఎలా ఉంటే అలాగేనమ్మా" అని నా మీదే వదిలేశాడు. అడ్డం పడింది ఎవరంటే మా తోడికోడలి కోడలు. ఎంబీఏ చదివింది. హైటెక్ సిటీలో ఉద్యోగం. యూట్యూబులో ఎవరో గురువుగారు చెప్పారుట, ఇది చేయకపోతే పోయినవారి ఆత్మకి దారి దొరకదుట. ఆ వీడియో అందరికీ పంపింది కూడా. ఇంక ఎవరు మాట్లాడతారు? మా అమ్మాయి ఒక్కత్తీ దెబ్బలాడింది. "లాంఛనానికి పిన్నీ, ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అని నాకు చెప్పి దాని నోరు నొక్కేశారు. చేతులకి ఎర్రగాజులు నిండా వేసి, తలలో పూలు పెట్టి, తెల్లవారకముందే అన్నీ తీసేశారు. ఒక గాజు ముక్క మణికట్టు మీద గీరుకుంది. అదే ఎంబీఏ పిల్ల చప్పున పరిగెత్తి బ్యాండ్ ఎయిడ్ తెచ్చి అంటించింది. మంచి పిల్లే.

ఇదెక్కడి ఊరు? రాజమండ్రి! 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించిన ఊరు. వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రామని మొరాయిస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి పెళ్ళివారికి వండిపెట్టిందని చెప్పుకుంటారు. పంతులుగారి ఇంటికి కూతవేటు దూరంలో, ఇన్నేళ్ళ తరవాత, నాకు ఫోను చూసి గాజులు పగలగొట్టారు. పంతులుగారి గురించి పిల్లలకి పాఠాలున్నాయి, విగ్రహాలున్నాయి. ఆయన తరవాతి కథ మాత్రం ఎవరూ చెప్పుకోరు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పోయారు. ఆయనకి అప్పటికి అరవై రెండేళ్ళు. పిల్లలు లేరు. లోకంలో వితంతువులందరికీ పెళ్ళిళ్ళు చేసిన మనిషి, తాను మళ్ళీ చేసుకోకుండా తొమ్మిదేళ్ళు ఒంటరిగా బతికి 1919లో పోయాడు. ఆ తొమ్మిదేళ్ళూ ఎలా గడిపాడో నాకిప్పుడు తెలుసుకోవాలని ఉంటుంది. వితంతూద్ధరణ సంగతి పుస్తకాల్లో బోలెడుంది కానీ, రాత్రి పూట ఆయనకి మజ్జిగ ఎవరిచ్చేవారో ఎవరు రాశారు?

సరే, నా కథలోకి వస్తాను. పన్నెండో రోజున సపిండీకరణం. మాసికాలన్నీ ఆ పూటే కలిపి ముగించేశారు. శాస్త్రం ఒప్పుకుంటుందిట. ఒప్పుకుంటుందేమో. దొడ్డమ్మకి ఏడాది పట్టిన పని నాకు ఒక పూటలో తెమిలింది. పదమూడో రోజున శుభస్వీకారానికి క్యాటరింగ్. రెండు రకాల స్వీట్లు, పనీర్ కూర, పాన్. బంతిలో ఒకాయన "పెళ్ళి భోజనంలా ఉందండీ" అని మెచ్చుకున్నాడు, నా ఎదురుగానే. "మంచి నక్షత్రంలో పోయారు, ఇల్లు విడిచిపెట్టక్కర్లేదు, అదృష్టవంతులు" అని ఇంకొకాయన. ఆ రాత్రికి అందరం అన్నవరం సత్రానికి వెళ్ళి నిద్ర చేసొచ్చాం. మర్నాటి మధ్యాహ్నానికి కార్లన్నీ వెళ్ళిపోయాయి. అబ్బాయికి సెలవు లేదు. అమ్మాయికి పిల్లల పరీక్షలు. తప్పు పట్టడానికేమీ లేదు, నిజంగానే సెలవు లేదు, నిజంగానే పరీక్షలు. దొడ్డమ్మ అక్కగారికీ కూతురి పురుడు నిజంగానే ఉంది.

వెళ్ళేముందు అబ్బాయి ఒక మంచి పని చేశాడు. చావుని 21 రోజుల్లో నమోదు చేయించాలని 1969 నాటి చట్టం. మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి డెత్ సర్టిఫికెట్ తెచ్చి, దాన్ని బోలెడు జిరాక్సులు తీసి ఫైల్లో పెట్టి ఇచ్చాడు. అవీ చాలలేదు. తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి ఒకటి, ట్రెజరీకి ఒకటి, బ్యాంకుకి ఒకటి, గ్యాసుకి ఒకటి, కరెంటు మీటరు పేరు మార్పుకి ఒకటి. ఆయన పెన్షన్ కాగితంలో నా పేరు ఒక రకంగా ఉంది, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. ఆ రెండూ నేనే అని రుజువు చేసుకోవడానికి యాభై ఏళ్ళు కాపరం చేసింది చాలలేదు, అఫిడవిట్ కావాలన్నారు. సర్వీసు నిండా చేసిన మనిషికి పెన్షన్ ఆఖరి జీతంలో సగం. ఆయన పోయాక భార్యకి మామూలుగా వచ్చేది ఆ జీతంలో 30 శాతం. ఒక మనిషి తగ్గాడు కనక ఖర్చు తగ్గుతుందని ఎవరో లెక్క కట్టారు. ఫ్రిజ్ ఒక్కరికీ ఇద్దరికీ ఒకటే తిరుగుతుంది. వీధి లైటు కింద పిల్లి తిరిగినా కుక్క మొరిగినా లేచి చూసే మనిషి లేడు కనక రాత్రంతా వరండా లైటు వేసుంచుతున్నాను, కరెంటు బిల్లు పెరిగింది కూడా.

ఏడాదికోసారి బతికే ఉన్నానని చూపించుకోవాలి. 2014 నుంచి వేలిముద్ర వేస్తే చాలన్నారు. బియ్యం ఏరీ, అంట్లు తోమీ వేళ్ళ మీద గీతలు అరిగిపోయినవాళ్ళకి ఆ మిషను ముందు నిలబడితే చచ్చిపోయినట్టే. ఆ తరవాత మొహం చూపించినా ఒప్పుకుంటామన్నారు, నయం.

అసలు విచిత్రం ఆయన సెల్‌ఫోను. బ్యాంకు, గ్యాసు, ఇంటిపన్ను, అన్నీ ఆ నంబరుకే ముడిపెట్టి ఉన్నాయి. ఏది మార్చాలన్నా ఓటీపీ అందులోకే వస్తుంది. నంబరు మార్చడానికీ పాత నంబరుకే ఓటీపీ! అందుకని ఆయన పోయినా ఆ ఫోనుకి నెలనెలా రీచార్జి చేయిస్తున్నాను. రాత్రి ఛార్జింగ్ పెడతాను. డెత్ సర్టిఫికెట్ తీసుకుని ముద్ర వేసి రశీదు ఇచ్చిన ఆ బ్యాంకు నుంచే, ఆయన పుట్టినరోజు నాడు "మీకు ఆయురారోగ్యాలు కలగాలి" అని మెసేజీ వచ్చింది. మా రోజుల్లో బ్యాంకు మేనేజరు ఇంటికొచ్చి పలకరించేవాడు. లెక్కల్లో తప్పులుండేవి, మనిషి ఉన్నాడో పోయాడో మాత్రం తెలిసుండేది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే ఒక మాట. ఇద్దరూ ఉండగానే ఖాతా ఇద్దరి పేరా పెట్టించండి, ఎవరున్నా తీసుకునేటట్టు రాయించండి. నామినీ పేరు ఉందో లేదో చూడండి. అశుభం అని మొహం చిట్లించకండి. "శుభం పలకరా ఎంకన్నా" అనేవాళ్ళు ట్రెజరీ చుట్టూ తిరగడానికి మీతో రారు.

ఇంక నా కళ్ళ సంగతి. నాకు నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరగకుండా ప్రతి రాత్రీ చుక్కలు వేసుకోవాలి, బతికినంత కాలమూ. అది ఆయన పని. పడుకోబెట్టి, కింది రెప్ప లాగి, "పైకి చూడు... మూయకు... మూశావూ!" అని రోజూ కసురుకునేవారు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, చెయ్యి వణుకుతోందనీ, పోపు వాసన వస్తోందనీ ఏదో ఒకటి అనేదాన్ని. ఇప్పుడు నేనే వేసుకుంటే కంట్లో ఒకటి, చెంప మీద రెండు. నెలకి రావలసిన సీసా పదిహేను రోజులకే అయిపోతోంది. పక్క వాటాలో ఇంటర్ చదివే పిల్ల వచ్చి వేస్తుంది. దానికి పరీక్షలొస్తే నాకు చుక్కలుండవు. మొగుడు పోతే ఏం పోతుందని అడిగినవాళ్ళకి నేను మనసు గురించి చెప్పను, ఈ చుక్కల గురించి చెబుతాను. "అయ్యో, మా అత్తగారికి ఎవరు వేస్తున్నారో" అని అప్పుడే ఆలోచన మొదలవుతుంది.

మా అమ్మాయి ఊరుకోలేక ఫోన్లో కౌన్సెలింగ్ పెట్టించింది. గంటకింతని డబ్బు కట్టి. తెర మీద పాతికేళ్ళ పిల్ల, చక్కటి కాటుక కళ్ళు. "అమ్మా, మీ బాధని ఒకటి నుంచి పది లోపల చెప్పాలంటే ఎంత?" అంది. "మార్కులా తల్లీ?" అన్నాను. నవ్వేసింది. ఆ నవ్వుతోటే దాని మీద నాకు గురి కుదిరింది. ఆ తరవాత నేను మా ఆయన కాఫీలో చక్కెర గురించీ, పోలవరం మీద ఆయన వేసే లెక్కల గురించీ, నేను దాచిన డబ్బు ఆయన కనిపెట్టి ఎప్పుడూ ముట్టుకోకపోవడం గురించీ చెబుతూ పోయాను. ఆ పిల్ల గడియారం చూడలేదు. మా వాళ్ళల్లో ఆ కబుర్లు విన్నవాళ్ళు లేరు. ఆయన పేరు ఎత్తగానే "మళ్ళీ ఎందుకులెండి, మర్చిపోండి" అంటారు, నాకేదో మేలు చేస్తున్నట్టు. అరుగు మీద ఊరికే దొరికిన దాన్ని ఇప్పుడు డబ్బు కట్టి తెచ్చుకుంటున్నాం. దొరుకుతున్నందుకు సంతోషించాలో ఏమో, పిల్ల మాత్రం బంగారం.

మగవాళ్ళ గోల వేరు. మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరుగారికి భార్య పోయింది. ఆయనకి పదో రోజున ఎవరూ ఏమీ పగలగొట్టలేదు, బొట్టు తియ్యలేదు. పెళ్ళిళ్ళకి పిలిస్తే ముందు వరసలోనే కూర్చుంటాడు. కానీ ఉప్పు డబ్బా ఏదో తెలీదు. సాయంత్రం ఎవరైనా కూర తెచ్చి ఇస్తే గిన్నె కడిగి ఇవ్వాలని తెలీదు, అలాగే నిలబడి ఉంటాడు. ఇలాంటివాళ్ళు ఆడవాళ్ళకన్నా తొందరగా వెళ్ళిపోతారని డాక్టర్లూ అంటారు, మేం కళ్ళారా చూస్తూనే ఉన్నాం. అయినా ఎక్కడ చూసినా విధవరాళ్ళే ఎక్కువ. ఎందుకుండరు? మా రోజుల్లో పిల్లవాడికీ పిల్లకీ ఎనిమిదేళ్ళు, పదేళ్ళు తేడా ఉంటేనే ఈడూజోడూ అనేవారు. ఆడది ఎలాగూ కొన్నేళ్ళు ఎక్కువ బతుకుతుంది. చివరి పదిహేనేళ్ళు ఒంటరిగా ఉండాలని పెళ్ళిపీటల మీదే ముహూర్తం పెట్టేశారన్నమాట.

మళ్ళీ పెళ్ళి అంటే మా రోజుల్లో మగవాడికే. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లని చూడండి, ఇంట్లో విధవైన కూతురు మీనాక్షి ఉండగా ఆ ముసలాయన తనకి చిన్నపిల్లని కొనుక్కోబోతాడు. 1897లో అచ్చయిన నాటకం, అందులో గురజాడవారు కల్పించాల్సిన అవసరమేమీ పడి ఉండదు. ఇప్పుడు హైదరాబాదులో "తోడు నీడ" అని ఒక సంస్థ పెద్దవయసులో ఒంటరి అయినవాళ్ళకి జతలు కలుపుతోంది. ఆడవాళ్ళూ వెళ్తున్నారు. నాకా? వద్దు. ఒకాయన గురక అలవాటు చేసుకోవడానికి సగం జీవితం పట్టింది. కానీ కావాలనుకున్న ఆవిణ్ణి చూసి పకపకా నవ్వేవాళ్ళని మటుకు నేను వదలను. ఆస్తి ఎవరికి పోతుందోనని పిల్లలకి భయం, దానికి "ఈ వయసులో సిగ్గు లేదా" అని ముసుగు. సిగ్గు సంగతి తరవాత చూద్దాం, ఆవిడకి జ్వరమొస్తే నీళ్ళెవరిస్తారో ముందు చెప్పమనండి.

మొన్న మా చెల్లెలి మనవరాలి పెళ్ళిలో పసుపు కొడుతున్నారు. నేను లేచేసరికి, "మీరు కూర్చోండి పెద్దమ్మా, మీకెందుకు శ్రమ" అని కుర్చీ వేసి, ఫ్యాను నా వైపు తిప్పి, బాదంపాలు చేతిలో పెట్టారు. మా దొడ్డమ్మనైతే "నువ్వు రాకు" అని మొహం మీదే అనేవారు. ఇప్పుడు మర్యాద నేర్చుకున్నారు. 2022 మే నెలలో మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే పల్లెటూరి పంచాయతీ ఈ గాజులు పగలగొట్టడాలూ కుంకుమ చెరపడాలూ ఇకమీదట తమ ఊళ్ళో ఉండవని తీర్మానం చేసింది. ఆ నెలలోనే అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీల్నీ ఆ దారి పట్టమంది. ఓ పల్లెటూరు! ఎంబీఏలు కాదు, యూట్యూబు గురువులు కాదు. ఆ వార్త కూడా నేను మా గ్రూపులో పెట్టాను. ఎవరూ చేతులు జోడించలేదు. ఆ మర్నాటి నుంచి మాత్రం బొట్టు పెట్టుకుంటున్నాను. మా ఆడపడుచు చూసి, "కొంచెం పెద్దది పెట్టు, కనబడటం లేదు" అంది.

ఇంతా సణిగి నువ్వు చేస్తున్నదేమిటని అడుగుతారు. చేస్తున్నాను. మా చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా మొదటి పన్నెండు రోజులూ నేను వెళ్ళను. ఆ రోజుల్లో ఆ ఇంట్లో మనుషులకేం కొదవ? కార్లు వెళ్ళిపోయాక వెళ్తాను. ఫైలు చూపించమంటాను, జిరాక్సులు చాలవని చెబుతాను, పోయినాయన ఫోను కట్టేయించకండని గట్టిగా చెబుతాను. తరవాత ఆ పోయినాయన గురించి ఏదో ఒకటి అడుగుతాను. మంచివే కాదు, ఆయన పిసినారి అయితే ఆ సంగతీ అడుగుతాను. అక్కడే మాటలు ఊరతాయి.

పోయిన వారం వెనక వీధిలో ఒకావిడ దగ్గరికి అలాగే వెళ్ళాను. కోడలు తలుపు తీసి, నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, ఇబ్బందిగా నసిగింది.

"పిన్నిగారూ, ఇవాళ మంగళవారం కదండీ. పలకరింపులకి మంగళ, శుక్రవారాలు పనికిరావంటారు."

"తెలుసమ్మా. అందుకే వచ్చాను, ఇవాళ ఇంకెవరూ రారు కదా. కాఫీ పెట్టు, మీ అత్తగారికి కూడా."